టో యార్డు కిటికీలో నేను అడగని ప్రశ్న

టో యార్డు కిటికీ వెనక కూర్చున్న మనిషిని చూద్దామని ఎవరూ ఇంట్లోంచి బయలుదేరరు. కారు పెట్టిన చోట కారు ఉండదు. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతుకుతారు. దొంగలెత్తుకుపోయారని పోలీసులకు ఫోన్ చేస్తారు. దాన్ని ట్రక్కుతో లాక్కొచ్చారని, అది ఆక్లాండ్ శివారు హెండర్సన్‌లో మా ఇనుప కంచె వెనక ఉందని అప్పుడు తెలుస్తుంది. రైలు దిగి, షెడ్లూ గోడౌన్లూ తప్ప ఏమీ లేని రోడ్డు మీద నడిచి, వానలో తడిసి నా ముందుకు వస్తారు. కోపం చూపించడానికి వాళ్ళకు దొరికిన మొదటి మనిషిని నేను.

2010 దశకంలో ఎనిమిదేళ్ళు ఆ కిటికీలో కూర్చున్నాను. ఈమధ్య మనవాళ్ళు కొందరు ఈ పనిలో చేరారని విని ఇది రాస్తున్నాను. కంప్యూటరులో ఏ బటన్ నొక్కాలో మీకు అక్కడ నేర్పుతారు. నేర్పనివి ఇక్కడ రాస్తాను.

కిటికీకి ఇటువైపు

యార్డుకు వచ్చే బళ్ళు రెండు రకాలు. ఒకటి, పెట్టకూడని చోట పెట్టినందుకు ఎత్తుకొచ్చినవి. ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో ఉదయం బస్సుల వరుసలో నిలిపినవి ఎక్కువగా ఇవే. వీళ్ళకు నేను చెప్పే మాట ఒకటే: ముందు కారు తీసుకెళ్ళండి, తర్వాత పోట్లాడండి. పోట్లాడాలంటే ఈరోజే వెనక్కి వెళ్ళి ఫోటోలు తీయండి. బోర్డు కనిపించాలి. బోర్డును చెట్టుకొమ్మ కప్పేసి ఉంటే ఆ కొమ్మ కనిపించాలి. ఒక విద్యార్థిని అలాంటి ఒక్క ఫోటోతో గెలిచింది. గంటసేపు నా మీద అరిచిన వాళ్ళు గెలవడం నేను చూడలేదు.

రెండో రకం, పోలీసులు రోడ్డు మీద ఆపి స్వాధీనం చేసుకున్నవి. లైసెన్స్ లేని మనిషిని పోలీసులు ఒకసారి ఆపి, లైసెన్స్ వచ్చేదాకా నడపవద్దని కాగితం ఇస్తారు. ఆ తర్వాత కూడా నడుపుతూ దొరికితే, కారు ఎవరిదైనా సరే, ఇరవై ఎనిమిది రోజులు యార్డులో పడి ఉంటుంది. సొంతదారు వచ్చి ఏడ్చినా మేము ఇవ్వలేం. నడిపిన మనిషికి నడిపే హక్కు లేదని సొంతదారుకు తెలియదనీ, తెలిసే అవకాశం కూడా లేదనీ రుజువైతే పోలీసులు ముందుగా వదిలిపెట్టవచ్చు. దానికి అప్పీలు రాసుకోవాలి. నేను చెప్పబోయేది ఈ రకం కారు గురించి.

ముందు నా గురించి కొంచెం. మాది కృష్ణా జిల్లాలో బస్సులు నడిపిన కుటుంబం. ప్రతి బస్సు నుదుటి మీదా మా ఇంటిపేరు ఎర్రరంగుతో రాసి ఉండేది. నేను కాలేజీలో చేరేనాటికి బస్సులన్నీ పోయి ఇంటిపేరు ఒక్కటే మిగిలింది. డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి, యాభై దగ్గర పడుతుండగా నర్సు అయిన నా భార్య వెంట ఈ దేశం వచ్చాను. పాఠాలు చెప్పే ఉద్యోగం దొరకలేదు. యార్డు దొరికింది. ఊళ్ళో బంధువులకు 'ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో' అని చెప్పాను. అది పూర్తి అబద్ధం కాదని నన్ను నేను ఒప్పించుకున్నాను.

ఎనిమిదేళ్ళూ ఇస్త్రీ చొక్కా, టై వేసుకునే వెళ్ళాను. టో డ్రైవర్లు నవ్వేవారు. ఇప్పటికీ నేను చేసింది సరైన పనే అంటాను. ఎదుటివాళ్ళు తలదించుకుని వచ్చినప్పుడు మనం శుభ్రంగా, నిటారుగా ఉండటం వాళ్ళకు ఇచ్చే మర్యాద.

షారన్ చెప్పిన మూడు మాటలు

మా యార్డు మేనేజరు షారన్. ఇరవై ఏళ్ళు స్వయంగా టో ట్రక్కు నడిపిన ఆడమనిషి. మొదటి వారం నా చేతికి అట్ట, కాగితం, పెన్ను ఇచ్చి, వానలో యార్డంతా తిరిగి ప్రతి బండి మీదా ఉన్న గీతలూ సొట్టలూ రాసుకురమ్మంది. ఇంగ్లీషు లెక్చరరు చేత చేయించే పనా ఇది అని రెండు రోజులు భోజనం సహించలేదు. బండి లోపలికి వచ్చినప్పుడు రాయని గీత, బయటికి వెళ్ళేటప్పుడు మనం గీసిన గీత అవుతుందని తర్వాత తెలిసింది. నా పై అధికారులందరిలో ఆమే ఉత్తమురాలు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఆమె చెప్పినవి మూడు. గొంతు పెంచకు. తీర్పు చెప్పకు. ఎవరి అప్పీలూ నువ్వు రాయకు.

మూడోది ఎందుకని అడిగాను.

"వాళ్ళ కథ నీకు అరగంటే తెలుసు. వాళ్ళకు పూర్తిగా తెలుసు. ఫారం ఇవ్వు, ఉచితంగా సలహా ఇచ్చే లాయర్ల చోటు చూపించు. అంతవరకే" అంది.

నేను తలూపాను. ఆమెకు చదువు తక్కువ, ఉత్తరం విలువ ఆమెకేం తెలుసని మనసులో అనుకున్నాను.

సుజాత కారు

ఒక సోమవారం పదిగంటలకు, కేర్ వర్కర్ల నీలం రంగు యూనిఫాంలో ఒక అమ్మాయి కిటికీ దగ్గరికి వచ్చింది. నా చొక్కా మీది పేరు చదివి, ఊపిరి వదిలింది.

"అంకుల్, మీరు తెలుగువాళ్ళేనా?"

"అవునమ్మా."

"హమ్మయ్య. కార్లో నా వర్క్ బ్యాగ్ ఉందండి. గ్లోవ్స్, క్లయింట్ల పేపర్లు అన్నీ దాంట్లోనే. అదన్నా ఇస్తారా?"

నన్ను 'సార్' అనడమే నాకు అలవాటు. ఎవరైనా అంకుల్ అంటే సాధారణంగా సరిదిద్దేవాణ్ణి. ఆరోజు ఊరుకున్నాను. సొంత సామాన్లు తీసుకోనివ్వవచ్చు కాబట్టి ఆమెను కారు దగ్గరికి తీసుకెళ్ళాను. దారిలోనే మొత్తం చెప్పింది.

పేరు సుజాత. గుంటూరు వైపు అమ్మాయి. మౌంట్ ఆల్బర్ట్‌లో అక్క కరుణ, బావ ప్రభాకర్ గారి ఇంట్లో ఉంటోంది. రోజూ నలుగురు వృద్ధుల ఇళ్ళకు వెళ్ళి స్నానం చేయించి, తినిపించి, మందులు ఇచ్చి రావడం ఆమె పని. ఇళ్ళు ఒకటి హెండర్సన్‌లో, ఒకటి టె అటాటులో, మిగతావి ఇంకెక్కడో. బస్సుల మీద అయ్యే పని కాదు. ఆ ఉద్యోగం మీదే ఆమె వీసా. శనివారం బావగారి కారు మెకానిక్ దగ్గర ఉంటే, చర్చికి కుర్చీలు తేవడానికి ఈమె కారు తీసుకెళ్ళారు. పోలీసులు ఆపారు. ఇండియా లైసెన్స్ మీద ఇక్కడ ఏడాది మాత్రమే నడపనిస్తారు. ఆయన వచ్చి ఏడాదిన్నర దాటింది. అంతకుముందే ఒకసారి ఆపి, నడపవద్దని కాగితం కూడా ఇచ్చారట. ఆ సంగతి ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"మా సూపర్‌వైజర్ రెండు వారాలు టైం ఇచ్చింది అంకుల్. వచ్చే సోమవారం కాక పై సోమవారానికి నా చేతిలో కారు లేకపోతే నా క్లయింట్లని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారంట. ఇరవై ఎనిమిది రోజులంటే నా జాబ్ పోయినట్టే."

ఫారం ఇచ్చాను. సలహా ఇచ్చే లాయర్ల చోటు చెప్పాను. అక్కడ ఆగవలసింది.

ఆమె ఫారం చూసి, నెమ్మదిగా అడిగింది. "బావగారి తప్పు అని కనపడకుండా రాయడం కుదురుతుందా అంకుల్? ఆయన ఊళ్ళో హెడ్మాస్టరుగా చేశారు. ఇక్కడ గోడౌన్లో పని చేస్తున్నా, చర్చి కమిటీలో సెక్రటరీ. ఆయన దాచిపెట్టారని పేపర్ మీద పెడితే అక్క ముందు నేను తలెత్తలేను."

ఈ దేశంలో ఇంకెవరికి అర్థం కాకపోయినా ఆ మాట నాకు అర్థమయింది. ఒకప్పుడు తనను చూసి పదిమంది లేచి నిలబడిన మనిషి ఇక్కడ గోడౌనులో అట్టపెట్టెలు మోస్తుంటే, ఆయనకు మిగిలిన కొంచెం పరువునూ కాగితం మీద పెట్టి పోలీసులకు పంపడమా?

"నేను రాసిస్తాలే" అన్నాను.

నా ఉత్తరం

మధ్యాహ్నం భోజనం మానేసి, సుజాత తానే రాస్తున్నట్టు రాశాను. రెండు పేజీలు. మా కుటుంబాల్లో అక్క భర్త తండ్రితో సమానమని రాశాను. ఆయన తాళాలు అడిగితే ఇవ్వడమే మర్యాద అనీ, లైసెన్స్ ఉందా అని అడగడం ఆయన్ను అవమానించడమేననీ, అందుచేత ఈమె అడగలేదనీ, అడగాలని ఆశించడం కూడా న్యాయం కాదనీ రాశాను. మా ఆచారం తెలియని దేశం మా ఆచారాన్ని బట్టే మమ్మల్ని చూడాలని ముగించాను. నా జీవితంలో రాసిన మంచి ఇంగ్లీషులో అది ఒకటి. సుజాత చదివి, ఒక నిమిషం ఏమీ అనకుండా నిలబడి, సంతకం పెట్టింది. ఆ నిమిషం ఎందుకు ఆగిందో నేను అడగలేదు.

తర్వాతి సోమవారం జవాబు వచ్చింది. మూడు వాక్యాలు. సొంతదారు తాను అడగలేదని తానే ఒప్పుకుంటోంది. అడిగి ఉంటే తెలిసేది. అప్పీలు తిరస్కరించడమైనది.

సుజాత ఆ కాగితం కిటికీలోంచి నాకు అందించింది. ఇంకా ఏడు రోజులు ఉన్నాయి. కోర్టుకు వెళ్ళే దారి ఉంది కానీ, అక్కడ తేదీ దొరికేలోగా ఆ ఏడు రోజులూ దాటిపోతాయి.

మౌంట్ ఆల్బర్ట్‌లో

ఆ సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. ఎండాకాలం, ఇంకా బాగా వెలుతురు ఉంది. ప్రభాకర్ గారు తలుపు తీశారు. బక్కపలచని మనిషి, ఇంట్లో కూడా చొక్కా ప్యాంటులోకి దోపుకుని ఉన్నారు. ఆయనలో నన్ను నేను చూసుకున్నట్టయింది.

"రండి, కూర్చోండి. టీ తాగుతారా?"

"టీ తర్వాతండి. సుజాత అప్పీలు కొట్టేశారు."

"తెలిసింది. దేవుడు ఇంకో దారి చూపిస్తాడు."

వంటింట్లోంచి కరుణ గొంతు వినపడింది. "ఆ దారిన పోవడానిక్కూడా కారు కావాలి కదండీ."

ఆయన వినపడనట్టు కూర్చున్నారు. సుజాత గోడవారగా నిలబడి ఉంది. మొదటి రోజే అడగవలసిన మాట నేను అప్పుడు అడిగాను.

"అమ్మా, లైసెన్స్ సంగతి నువ్వు బావగారిని ఎప్పుడైనా అడిగావా?"

సుజాత చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది.

"అడిగాను అంకుల్" అంది చివరికి. "నేను ఇక్కడ టెస్టుకి చదువుకునేటప్పుడు. మీ టెస్ట్ అయిపోతే ఆ పుస్తకం నాకివ్వండి బావగారూ అన్నాను."

"ఏమన్నారు?"

ప్రభాకర్ గారే చెప్పారు. "'నాది ఎప్పుడో అయిపోయిందమ్మా, పుస్తకం ఎవరికో ఇచ్చేశాను' అన్నాను."

కారు వదలడానికి కావలసిన ఒకే ఒక్క సంగతి అది. ఆమె అడిగింది. ఆయన ఉందన్నారు. నేను రెండు పేజీలు దానికి సరిగ్గా విరుద్ధంగా రాసి, ఆమె చేత సంతకం పెట్టించాను.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలేదు కదంకుల్. మనవాళ్ళెవరూ అడగరు అని మీరే రాసేశారు. పైగా అట్లయితే బావగారి మాట బయటికి రాదు కదా అని నేనూ ఊరుకున్నా."

"ఆయన ఏదో ఒకటి రాయాలి" అన్నాను ప్రభాకర్ గారి వైపు చూడకుండా.

ఆయన గొంతు సవరించుకున్నారు. "సుజాత మీ ఇంటిపేరు చెప్పగానే మీరూ గౌరవంగా బతికిన ఇంటివారని తెలిసింది. మీకు తెలియనిది కాదు. ఇది నా చేతిరాతతో పోలీసుల దగ్గరికి వెళితే, రేపు చర్చిలో పదిమంది ముందు ప్రార్థనకు ఎట్లా నిలబడేది?"

"చర్చి కుర్చీలు ఎవరి కార్లో తెద్దామనుకున్నారండీ మరి?" కరుణ టీ కప్పులతో వచ్చింది. కోపంగా కూడా అనలేదు. కప్పు ఆయన ముందు పెట్టి, చెల్లెలి పక్కన నిలబడింది.

నేను అప్పుడు, నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పని మాట చెప్పాను. "మా ఊళ్ళో నేను ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఉన్నానని చెప్పానండి. టో యార్డు కిటికీ దగ్గర కూర్చుంటానని ఇన్నేళ్ళలో చెప్పలేదు. అందుకే మీ పరువు కాపాడటం నాకు అంత తేలికయింది. ఆ ఉత్తరం మీ కోసం రాశాననుకున్నాను, నా కోసం రాసుకున్నాను. ఉద్యోగం మాత్రం ఈ అమ్మాయిది పోతోంది."

ఆయన టీ తాగలేదు. కప్పు పక్కకు జరిపి, "పెన్ను ఉందా?" అన్నారు.

హెడ్మాస్టరు దస్తూరి. గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఆరు పంక్తులు. తనను పోలీసులు ముందే ఆపారని, నడపవద్దన్నారని, ఆ సంగతి ఇంట్లో దాచానని, మరదలు లైసెన్స్ గురించి అడిగితే ఉందని అబద్ధం చెప్పానని రాశారు. ఒకచోట ఇంగ్లీషు కొంచెం కుంటుపడింది. నా చెయ్యి దిద్దడానికి లేచింది. వెనక్కి తీసుకున్నాను.

షారన్ గది

మొదటి ఉత్తరంలో అడగలేదనీ, రెండోదాంట్లో అడిగిందనీ ఉంటే పోలీసులు దేన్ని నమ్ముతారు? మొదటి ఉత్తరంలో మాటలు సుజాతవి కావు, నావి అని నేను రాయాలి. అది రాస్తే యార్డు నియమం మీరానని కూడా రాసినట్టే. మర్నాడు ఉదయం షారన్ గదికి వెళ్ళి అంతా చెప్పాను.

ఆమె టీ కప్పు కింద పెట్టింది. "అడగలేదని రాయడానికి ముందు, అడిగావా అని అడిగావా?"

"లేదు."

"ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళతో ఇదే బాధ." కాసేపు కిటికీలోంచి బళ్ళ వైపు చూసింది. "రాయి. నీ పేరు పెట్టు. ఎక్కడ పనిచేస్తున్నావో కూడా పూర్తిగా రాయి. అది రాయడానికి సిగ్గయితే అసలు పంపకు. నీ సంగతి తర్వాత చూస్తా."

రాశాను. పేరు, దాని కింద 'విడుదల గుమాస్తా, టో యార్డు, హెండర్సన్' అని. నా ఉద్యోగం పేరు నేను ఇష్టపూర్వకంగా కాగితం మీద పెట్టింది అదే మొదటిసారి.

రెండు కాగితాలూ సుజాత స్వయంగా పోలీసు స్టేషన్‌కు తీసుకెళ్ళి ఇచ్చింది. ఒకసారి కొట్టేసిన అప్పీలును మళ్ళీ చూడవలసిన అవసరం అక్కడ అప్పీళ్ళు చూసే సార్జెంటుకు లేదు. కోర్టుకు వెళ్ళమని పంపేయవచ్చు. ఆయన రెండూ చదివి, సుజాతను ఒకే ప్రశ్న అడిగాడట: "ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదు?" ఆమె, "మా బావగారు కాబట్టి" అందట. ఆయన నవ్వలేదట, కోప్పడలేదట. ఫోన్ చేస్తానని పంపించాడు.

నాకు షారన్ రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చింది. రెండు నెలలు మళ్ళీ అట్ట పట్టుకుని యార్డులో గీతలు లెక్క రాశాను. అది న్యాయమే.

ఈ పనిలో చేరేవాళ్ళకు నేను చెప్పేది ఇదొక్కటే. మన మనిషి కిటికీ దగ్గరికి వస్తే మీకు ప్రాణం లేచొస్తుంది. సగం మాట వినగానే మిగతా సగం తెలిసిపోయినట్టు ఉంటుంది. సరిగ్గా అక్కడే ఆగండి. తెలియని జాతి మనిషినైతే పది ప్రశ్నలు అడుగుతారు. మనవాళ్ళను కూడా ఆ పదీ అడగండి. అడగడం అవమానం అని నేనూ అనుకునేవాణ్ణి. అడగకపోవడం వల్ల ఒక అమ్మాయి వారం రోజులు పోగొట్టుకుంది. బస్సుల మీద వేళకు చేరలేకపోవడంతో, ఆమె చూసుకునే వృద్ధుల్లో ఇద్దరిని గడువుకు ముందే వేరేవాళ్ళకు ఇచ్చేశారు, వాళ్ళు ఆమెకు తిరిగి రాలేదు. అది నా వల్ల జరిగిన నష్టం.

శుక్రవారం

శుక్రవారం మధ్యాహ్నం పోలీసుల దగ్గరి నుంచి విడుదల కాగితం వచ్చింది. గంటలో సుజాత వచ్చింది, యూనిఫాంలోనే. వెంట ప్రభాకర్ గారు ఉన్నారు. ఇద్దరూ రైల్లో వచ్చారు.

నేను కాగితాలు సరిచూశాను. నియమం ప్రకారం కారు బయటికి నడిపే మనిషి లైసెన్స్ చూడాలి. అడిగాను. ఆమె తీసి చూపించింది. తాళాలు ఇచ్చాను.

"అంకుల్, మీ మొదటి ఉత్తరం మా అక్క దాచుకుంది" అంది. "చదివితే ఏడుపొస్తుందంట. కారు మాత్రం రాలేదు కదా దాంతో."

"రాదమ్మా" అన్నాను.

ఆమె ఫోన్‌లో టైం చూసుకుంది. రెండింటికి టె అటాటులో పెద్దాయనకు మందులు ఇవ్వాలి, ఆ ఇల్లు ఇంకా ఆమెదే. కారు స్టార్ట్ చేసి, అద్దం దించి పిలిచింది.

"ఎక్కండి బావగారూ, స్టేషన్ దగ్గర దింపేసి పోతా."

స్టేషన్ ఒకవైపు, టె అటాటు ఇంకోవైపు. ఆయన కారు తలుపు దాకా వెళ్ళారు. పిడి మీద చెయ్యి వేసి, మళ్ళీ చెయ్యి తీసేశారు.

"నీకు లేటవుతుంది. నువ్వు వెళ్ళమ్మా" అన్నారు.

ఆమె రెండోసారి అడగలేదు. కారు గేటు దాటి కుడివైపు తిరిగింది. ఆయన అది కనపడినంత దూరం చూసి, కిటికీ దగ్గరికి వచ్చి, ఎవరూ వినకూడదన్నట్టు అడిగారు.

"స్టేషన్‌కి నడవాలంటే ఎటండీ? ఇందాక అమ్మాయి వెంట వచ్చాను, దారి చూసుకోలేదు."

చెప్పాను. గేటు బయట ఎడమవైపు, తిన్నగా, పావుగంట. ఆయన చొక్కా సర్దుకుని, లారీలు పోయే ఆ రోడ్డు పక్కన నిటారుగా నడిచి వెళ్ళారు.